నోటుబుక్కులో మిగిలిన పాటలు

సాయంత్రం ఏడూ పదికి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన మొదలైంది. రోజూలాగే అక్క పాట ఎత్తుకుంది. రెండో చరణం మధ్యలో ఆగిపోయి, "మీరు పాడండర్రా" అంది. ఆమె లేకుండా ఆ బాణీ మాకెవరికీ రాదు.

అక్క కంకిపాడులో టీచరుగా రిటైరై, గుణదలలో మా దగ్గరే ఉండేది. అమ్మ నేర్పిన పాటల మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది. రోజూ వినేవే కదా అని మేమెవరం ఫోన్లో రికార్డు చేయలేదు.

అప్పటికే అక్కకి పొడిదగ్గు రెండు నెలలుగా ఉంది. దుమ్మువల్ల అనుకున్నాం. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష, సీటీ స్కాన్ అయ్యాక డాక్టరుగారు "పల్మనరీ ఫైబ్రోసిస్" అన్నారు. అక్కని బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చి, "ఎన్నాళ్లండీ?" అని అడిగాను.

"ఇంతని చెప్పలేను. లంగ్స్‌లో పడిన మచ్చలు పోవు. మందులతో వేగం తగ్గిద్దాం. కొందరు ఏళ్లు బాగానే ఉంటారు, కొందరికి త్వరగా ముదురుతుంది. ఆవిడకీ చెప్పండి."

చెప్పలేదు. ఎలర్జీ అన్నాను. ప్రార్థనలో పాట అడిగితే, "ఇది తగ్గాక పాడతాలే" అనేది. అలా నాలుగు నెలలు గడిచాయి. అప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చి అడ్మిట్ చేశాం.

డిశ్చార్జి తర్వాత చెకప్‌లో బయట కూర్చోమని సైగ చేశాను. అక్క లేవలేదు.

"ఎలర్జీకి ఇంటికి ఆక్సిజన్ రాస్తారట్రా? ఊపిరి నాది. నన్ను బయటికి పంపి నువ్వేం కనుక్కుంటావు?"

డాక్టరుగారు అంతా చెప్పారు. అక్క ఏడవలేదు. ఆటోలో మాత్రం, "ముందే చెప్పుంటే పిల్లకి పాటలు నేర్పేదాన్ని కదరా" అంది.

మర్నాటి నుంచి ముక్కుకి ట్యూబుతోనే మా అమ్మాయికి నేర్పింది. ఒక వాక్యం పాడి, కాసేపు ఆగేది. "అత్తా, చాల్లే, రేపు" అంటే, "నువ్వు తప్పు పాడితే ఇంకా ఆయాసమొస్తుందే" అనేది. పదకొండు పాటలయ్యాయి. మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఈసారి అక్క ఇంటికి రాలేదు.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు వస్తే, ఎంత కాలం అన్న ప్రశ్న ఆ మనిషి ఎదుటే అడగండి. ఉన్న ఊపిరి దేనికి వాడుకోవాలో వాళ్లకే తెలుస్తుంది.

ప్రార్థనలో ఇప్పుడు మా అమ్మాయి పాట ఎత్తుకుంటుంది, ఆ పదకొండులో ఒకటి. నోటుబుక్కులో మిగతావి చదువుతాం. పాడం.