పందెం కారు చరిత్ర: ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను బి.ఏ. ప్యాసై ఇంట్లో కూర్చుని ఉన్నాను. కొత్త రాష్ట్రానికి చదువుకున్న యువకులు ఎంతో అవసరమని పేపర్లు రోజూ రాస్తుండేవి. నా చిరునామా మాత్రం రాష్ట్రానికి ఎవరూ ఇచ్చినట్టు లేదు. మా నాయన తాలూకాఫీసులో గుమాస్తా. ఆయన నన్ను ఒక్క మాట అనేవాడు కాదు. రోజూ సాయంత్రం చెప్పులు విడుస్తూ, "ఈపొద్దు గూడా పోస్టు రాలేదా?" అని గోడను అడిగేవాడు. గోడ పక్కన నేనుండేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో మద్రాసు నుంచి ఒక ఏజెంటు ప్రొద్దుటూరు వచ్చి, ఇంగ్లీషు తెలిసిన కుర్రవాడు కావాలని వాకబు చేశాడు. ఆయన ఒక సీమదొరల కంపెనీ తరఫు మనిషి. ఆ కంపెనీ పందెం కార్లు చేస్తుంది. పుట్టి యాభై ఏళ్ళయిన సందర్భంగా తన చరిత్రను ఊరూరా ప్రదర్శించమని ఏజెంట్లకు పురమాయించిందట. ప్రొద్దుటూరులో బంగారం వ్యాపారం ఉందని ఈయన విన్నాడు. బంగారం ఉన్నచోట కారు కొంటారని ఆయన లెక్క. మ్యాపు మీద అక్కడికి జమ్మలమడుగు, పులివెందుల ఒక్కో వేలెడు దూరంలో కనిపించేసరికి వాటినీ కలుపుకున్నాడు. మ్యాపుల్లో గుంతలు గీయరు కదా.

నా పని ఆ చరిత్రను తెలుగులో చెప్పడం. ఏజెంటుకు తెలుగు రాదు. మొదటిరోజే ఆయన నాకు స్పష్టంగా ఇంగ్లీషులో చెప్పాడు: "ఈ మూడు ఊళ్ళలో ఒక్క ఆర్డరు రావాలి. ఒక్కటి చాలు. వస్తే మద్రాసు ఆఫీసులో నీకొక కుర్చీ. రాకపోతే నీ దారి నీది." నా దారి ఎక్కడికి పోతుందో నాకు బాగా తెలుసు. మా ఇంటి గోడ దగ్గరికి.

ప్రదర్శనలో నలభై దాకా పెద్ద పెద్ద ఫోటోలు, ఒక అసలు కారు. గంటకు వంద మైళ్ళకు పైగా పరుగెత్తే ఆ కారును లారీ మీద ఎక్కించి తెచ్చారు. రోడ్డు మీద నడిపిస్తే పాడవుతుందట. ఎర్రటి ఎరుపు. పైకప్పు లేదు. మోకాలెత్తున ఉంటుంది. ముందు ముట్టె మీద రెక్కలున్న సింహం బొమ్మ ఒకటి బంగారంలాగా మెరుస్తూ ఉండేది. ఫోటోల్లో మొదటిది ఒక రేకుల షెడ్డు, దాని ముందు మీసాల దొర. ఆ తర్వాత దొర మీసాలు తగ్గుతూ, షెడ్డు పెరుగుతూ పోయేది. నడుమ పందేలు గెలిచినవాళ్ళ ఫోటోలు, గెలవబోతూ పోయినవాళ్ళ ఫోటోలు. ఈ రెండో రకం కొంచెం ఎక్కువే ఉండేవి.

ప్రొద్దుటూరులో ఒక జిన్నింగు మిల్లు ఆవరణలో ఇవన్నీ పెట్టాం. మొదటి రెండు రోజులు జనం బాగానే వచ్చారు. నీడ ఉంది, ప్రవేశం ఉచితం. మూడో రోజు బజారులో పేరుమోసిన బంగారు వ్యాపారి వచ్చాడు. ఏజెంటు లేచి నిలబడ్డాడు. వ్యాపారి నలభై ఫోటోలనూ రెండు నిమిషాల్లో దాటేసి కారు ముందు గొంతుక్కూర్చున్నాడు. సింహాన్ని చాలాసేపు చూశాడు. జేబులోంచి గీటురాయి తీసి, సింహం తోకకు ఆనించి ఒక గీత గీశాడు.

"ఇత్తడప్పా. పైన పూత."

"కారు బంగారంది కాదండీ. ఇనుముది," అన్నాను.

"ఇనుమైతే ఇనుమని చెప్పాల. మొగాన బంగారు బొమ్మ పెట్టుకోని లోపల ఇనుమంటే ఎవురు నమ్ముతారప్పా?"

"దీని గొప్ప వేగంలో ఉంది."

"వేగంగా యాడికి పోవాల? నా అంగడి ఈ సందులోనే ఉండాది."

ఏజెంటు ఆత్రంగా ఆయన ఏమన్నాడని అడిగాడు. మా చిహ్నాన్ని ఎంతో శ్రద్ధగా పరిశీలించాడని చెప్పాను. అబద్ధం కాదు. సాయంత్రానికి బజారంతా మా ప్రదర్శనకు పూత కారు అని పేరు పడింది. మర్నాడు లారీ జమ్మలమడుగు దారి పట్టింది.

జమ్మలమడుగులో అది తిరునాళ్ళ సమయం. పెన్నలో నీళ్ళు లేవు. ఇసుక మాత్రం కావలసినంత. ఒడ్డున డేరా వేశాం. అక్కడ జనానికి పందెమంటే ఒకటే, బండలాగుడు. రాతిబండను గొలుసుతో కాడికి కట్టి ఎద్దులచేత లాగించడం. ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. పందెం కారు వచ్చిందని వినగానే ఆ ఊరి చుట్టుపక్కల ఎద్దులున్న ప్రతి రైతూ డేరాకు వచ్చాడు. జీవితంలో మొదటిసారి నా ఉపన్యాసాన్ని అందరూ కదలకుండా విన్నారు.

నేను ఉత్సాహంలో కొంచెం ముందుకు పోయాను. ఈ ఇంజనుకు వంద గుర్రాల బలం ఉందని చెప్పాను. ఫోటో కింద అట్లాగే రాసి ఉంది. బి.ఏ.లో నేను చదివింది చరిత్ర. గుర్రాలను నేను లెక్కపెట్టలేదు.

పెద్దముడియం వైపు నుంచి వచ్చిన ఒక రైతు లేచి ముందుకొచ్చాడు. మూడు తిరునాళ్ళలో వరసగా గెలిచిన జత ఆయనది. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముట్టె తెరిపించి లోపలికి వంగి చూశాడు.

"ఎన్ని పండ్లేసిందప్పా?"

"ఇది కారు మామా. పండ్లుండవు."

"వయసెట్ల తెలుస్తాది మరి?"

"కొత్తది. ఈ యేడే చేసింది."

ఆయన నొచ్చుకున్నాడు. "పాలపండ్లదా! దీన్ని పెద్ద బండకు కట్టగూడదే. మేం పాలపండ్ల కోడెలకు చిన్న బండే కడతాం. పోనీలే, చిన్న బండ కడదాం. వంద గుర్రాలంటాండావు గదా. లాగితే ఈడనే బయానా ఇచ్చి తోలుకోని పోతా. అందురూ వింటాండారు."

ఈసారి ఏజెంటుకు ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాను. ఇసుక గురించి కూడా చెప్పాను. ఆయన నా భుజం తట్టి, వంద గుర్రాల ముందు రెండు ఎద్దులెంత అని ఇంగ్లీషులో నవ్వాడు. మద్రాసు కుర్చీ ఒక క్షణం నాకూ కనిపించింది. కాబట్టి నేనూ నవ్వాను.

కారును నదిలోకి దించారు. వెనక ఇరుసుకు మోకు కట్టి, మోకుకు చిన్న బండ కట్టారు. కాస్త ముందు ఆ బండనే పాలపండ్ల కోడెల జత ఒకటి ఆడుకుంటున్నట్టు లాగి పోయింది. రైతు కారు ముట్టె మీద ఇంత పసుపు, ఇంత కుంకుమ పెట్టాడు. డప్పులు మోగాయి. మద్రాసు నుంచి వచ్చిన డ్రైవరు కళ్ళద్దాలు పెట్టుకుని కాలు నొక్కాడు.

కంపెనీ యాభై ఏళ్ళ చరిత్రలో ఆ ధ్వని ఎన్నో దేశాల్లో వినిపించి ఉంటుంది. పెన్నలో వినిపించినంత గట్టిగా మాత్రం వినిపించి ఉండదు. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ఇసుక లేచి డప్పుల వాళ్ళ మీద, పంచాయతీ పెద్దల మీద, ఏజెంటు తెల్ల కోటు మీద సమానంగా పడింది. బండ కదల్లేదు. కారు మాత్రం కదిలింది. కిందికి. డ్రైవరు నొక్కినకొద్దీ అది కోడిపెట్ట గుడ్లు పొదగడానికి కూర్చున్నట్టు ఇసుకలో సర్దుకుంది. కాలిన వాసన మొదలైంది.

రైతు పరిగెత్తుకుంటూ వచ్చి డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఇడ్సిపెట్టప్పా, ఇడ్సిపెట్టు! నోరు లేని దాన్ని అట్ల చంపుకు తింటారా? పొగలు కక్కుతాండాదే!"

"పాలపండ్లదానికి బండ కట్టింది నువ్వే గదా మామా," అన్నారు వెనకనుంచి ఎవరో.

"గుర్రాలు చెప్పింది ఈ బియ్యే గదరా!"

ఆ జనమంతా నావైపు చూశారు. చదువుకున్నందుకు అంతమంది నన్ను ఒక్కసారిగా గుర్తించడం అదే మొదలు. తర్వాత ఆ రైతే తన జతను తెచ్చి కారుకు కట్టాడు. అవి రెండు అడుగులు వేశాయి, కారు బయటికొచ్చింది. అది ఎద్దులకు పెద్ద విషయంగా తోచినట్టు లేదు. నెమరు కూడా ఆపలేదు.

ఆర్డరు ఆశ పోయిందనుకున్న చోట ఇంకొక ఆశ పుట్టింది. ఆ పందెం చూడటానికి పులివెందుల నుంచి ఒక శెనక్కాయల మిల్లు యజమాని వచ్చి ఉన్నాడు. పసుపు, ఇసుక పూసుకున్న కారు చుట్టూ తిరిగి, "ఓడినా ఏం ఠీవిగా ఉండాదప్పా!" అన్నాడు. ఆయన తల్లి సొంత పల్లెలో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు. ఎద్దులబండి కుదుపుకు తట్టుకోలేక టవునుకు రావడమే మానేసింది. "మా అమ్మను దీంట్లో తిప్పుతా. పులివెందుల్లో ఇట్లాంటిది ఎవురికుండాది?" అని అక్కడున్న అందరూ వినేటట్టు ప్రకటించాడు. ఇది నేను ఏజెంటుకు చెప్పగానే ఆయన కోటు మీది ఇసుక దులుపుకున్నాడు. డ్రైవరు రెండు రోజులు కారు కింద పడుకుని దాన్ని ఎట్లాగో నడిచే స్థితికి తెచ్చాడు. నేను ఆ రెండు రోజులూ మద్రాసులో అద్దె గదులు ఎట్లా ఉంటాయో ఊహించుకున్నాను.

పులివెందులలో మిల్లు పక్కనే డేరా. యజమాని మంచిరోజు చూసుకుని, ఇదే ఆఖరి కుదుపని చెప్పి తల్లిని బండిలో పిలిపించాడు. పదిమంది పెద్దలను కూడా పిలిచాడు. కొంటున్నానని ఊరంతా చెప్పేశాడు. కాగితాలు బల్ల మీద ఉన్నాయి, ఏజెంటు కలం మూత తీసి పట్టుకున్నాడు.

ముసలామె దిగి కారును చూసింది. "ఇదేనా? మిగతాది వెనక వస్తాండాదా?" అంది.

"ఇంతేమ్మా. కూచో," అన్నాడు కొడుకు.

కూచోవడం బాగానే అయింది. నిజానికి కూచోలేదు, పడింది. కాళ్ళు ముందుకు చాపుకుని, తల మాత్రం బయటికి కనిపిస్తూ, తలుపు మీద రెండు చేతులూ పెట్టుకుని ఆమె అందరినీ కింది నుంచి చూసింది.

"ఏం నాయనా, ఇన్ని దుడ్లు పోసి నన్ను నేల మీద కూచోబెడ్తాండావా? మనింట్లో నేల ల్యాదా?"

పెద్దలు దగ్గారు. "అలవాటవుతాదిలేమ్మా," అన్నాడు కొడుకు. లేవడం కుదరలేదు. మోకాళ్ళు రెండూ గడ్డం దగ్గరికొచ్చి ఇరుక్కున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులేసి లాగారు. ఏజెంటు నా చెవిలో, ఆమెకు నచ్చిందా అని అడిగాడు. దిగడానికి ఇష్టపడటం లేదని చెప్పాను.

బయటపడ్డాక ఆమె చీర సర్దుకుని కొడుకు మొహం చూసింది. అతను పదిమంది ముందు మాట ఇచ్చేశాడు. ఆమెకు అది అర్థమైంది. వద్దంటే కొడుకు పరువు పోతుంది. ఆమె నెమ్మదిగా నావైపు తిరిగింది.

"నువ్వు చదువుకున్నోడివి. నీ మొగం చూస్తే అబద్ధం చెప్పేవాడి మాదిరి లేవు. ఈడికి మా ఊరు పన్నెండు మైళ్ళు. నడుమ రెండు వంకలుండాయి, వంకల్లో గులకరాళ్ళు, ఇసుక. పోతాదా నాయనా ఇది? నన్ను దారిలో దింపకుండా పోతాదా?"

నా మొహం గురించి ఆమె అభిప్రాయం తప్పని చెప్పడానికి నా దగ్గర కావలసినన్ని సాక్ష్యాలున్నాయి. ప్రొద్దుటూరు నుంచి నేను చెప్పినవన్నీ అట్లాంటివే. ఒక్క మాట చాలు. పోతుందమ్మా అంటే కలం కాగితం మీద పడుతుంది. నేను మద్రాసులో కూర్చుంటాను. ఆమె రెండో వంకలో కూర్చుంటుంది.

"మొదటి వంక దాకా పోతాదమ్మా," అన్నాను.

"ఆడ?"

"ఆడ ఎద్దులు కావాల."

యజమాని మొహం ఎర్రబడింది. "ఈ మాట జమ్మలమడుగులో చెప్తే ఏం పోయెప్పా?"

"ఆడ నన్నెవరూ అడగలేదండీ."

"అడగాల్నా? బండ లాగలేక చచ్చింది నా కండ్లారా చూస్తి గదా. అది ఇసుకలో పాపం అనుకుంటి. వంకలో మాత్రం ఏముండాది, పరుపులుండాయా?" అని తనమీద తనే విసుక్కున్నాడు. ఆ తర్వాత పెద్దలవైపు తిరిగి గొంతు పెంచాడు. "అమ్మ వద్దంటాంది. అమ్మ మాట దాటి నేను ఏదన్నా చేసినానా ఎప్పుడన్నా?" పెద్దలందరూ లేదు లేదన్నారు. పరువు అట్లా సులువుగా గట్టెక్కింది. నేను అంతసేపూ భయపడింది దండగ.

ముసలామె బండి ఎక్కబోతూ నన్ను దగ్గరికి పిలిచింది. "ఏం పని చేస్తాండావు నాయనా?"

"ఇదే పనమ్మా."

"ఇదేనా?"

"ఇంతదాకా."

ఆమె పని ఇప్పిస్తానని అనలేదు. సినిమాల్లో అయితే అనేది. "ఎండకు తిరగొద్దు, మజ్జిగ తాగి పో," అని చెప్పి ఎక్కింది.

ఏజెంటు బల్ల దగ్గరే ఉన్నాడు. ఆమె ఏమడిగిందని అడిగాడు. ఈసారి మొత్తం చెప్పాను, ఆమె ప్రశ్న, నా జవాబు, రెండు వంకలతో సహా. ఆయన కోప్పడలేదు. కలానికి మూత పెట్టాడు. మూడు ఊళ్ళలోనూ నా ఇంగ్లీషు ఇంత తేటగా ఎప్పుడూ లేదన్నాడు. అది పొగడ్త అని నేను అనుకోను. తర్వాత నా మెడలోని టై చూపించి, అది కంపెనీ ఆస్తి అన్నాడు.

ఆ టై ముడి ఆయనే వేశాడు. నాకు వెయ్యడమూ రాదు, విప్పడమూ రాదు. పది రోజులుగా రాత్రి తల మీదుగా తీసి చిలక్కొయ్యకు తగిలించి, పొద్దున మళ్ళీ తల దూర్చుకునేవాణ్ణి. అట్లాగే ముడితో సహా తీసి చేతికిచ్చాను. ఆయన దాన్ని కాసేపు పట్టుకుని చూసి, తనే విప్పుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నేను మజ్జిగ తాగి బస్సుకు పోయాను.