మడత మీద గీసిన బొమ్మ

చూపు తగ్గి సూదిలోకి దారం ఎక్కడం మానేశాక, ఓ దర్జీ చేతిలోని కత్తెర మెల్లగా కొడుకు చేతిలోకి పోయింది. ఇంట్లో కూర్చుంటే భార్య పనికి అడ్డం, షాపుకెళితే కొడుకు పనికి అడ్డం. చివరికి ఆ ఇద్దరూ ఏకమై ఆయన్ని మ్యూజియంకి తోలారు. అక్కడ వారానికో పూట పెద్దవాళ్ళకు బొమ్మలు గీయడం నేర్పుతున్నారట.

“ఈ వయసులో నాకు బొమ్మలేంటి?” అని పైకి గొణిగాడు గానీ, లోలోపల పొంగిపోయాడు. బతుకంతా గుడ్డ మీద సుద్దతో గీసినవాడికి కాగితమూ పెన్సిలూ ఏపాటి?

పొడవాటి హాలు. అద్దాల కప్పులోంచి వెలుతురు జారి నున్నటి నేల మీద పడుతోంది. నడుమ నిలువెత్తు ఆడమనిషి రాతి విగ్రహం. కుడిచెయ్యి మోచేతి దగ్గరే విరిగిపోయింది. మనవరాలి వయసున్న టీచరమ్మ అందరికీ మడత కుర్చీలు వేయించి, “ఈమెని గీయండి, తొందరేం లేదు” అంది.

అందరూ పెన్సిళ్ళు చెక్కుకుంటుండగానే మన దర్జీ భుజం దింపి, నడుం తిప్పి, గీత అంచుదాకా లాగేసి కాలు మీద కాలేసుకు కూర్చున్నాడు.

టీచరమ్మ వంగి చూసింది. “తాతగారూ, సగమే గీశారేంటి?”

అప్పుడు చూసుకున్నాడు. నిజంగానే సగం మనిషి! గుడ్డ మడిచి సగమే గీయడం, కత్తిరించి విప్పితే రెండో సగం దానంతటదే రావడం. చేతికి తెలిసింది అదొక్కటే. పరువు పోతుందని కాగితం నిలువునా మడిచి, కిటికీ అద్దానికి ఆనించి, రెండో సగాన్నీ దించేసి గర్వంగా విప్పాడు.

“అయ్యో, విరిగిన చెయ్యి మొలిచింది!” అంది టీచరమ్మ.

హాలంతా గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “మా షాపులో రిపేర్లు అలవాటమ్మా” అని తనూ నవ్వేశాడు.

“ఒంటికాలి మీద బరువేసి నిలబడిందండీ. ఓ భుజం పైకి, ఓ భుజం కిందికి. మనుషులెవరూ రెండువైపులా ఒకేలా ఉండరు తాతగారూ.”

ఆ మాట ఇంటిదాకా వెంటపడింది. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న భార్యని కదలొద్దని, ఈసారి మడవకుండా గీశాడు. ఎడమ భుజం కిందికి వచ్చింది. చెరిపి గీశాడు. మళ్ళీ కిందికే.

“ఏమే, నీ ఎడమ భుజం కిందికుందేంటి?”

“పెళ్ళప్పటి నుంచీ అంతేగా.”

“మరి నేను కుట్టిన జాకెట్లు?”

“జారుతున్నాయంటే నిటారుగా నిలబడమన్నారు. మీతో ఎందుకొచ్చిన గొడవని లోపల నేనే ఓ కుట్టు వేసుకుంటున్నా.”

“ఊళ్ళో నా అంత దర్జీ లేడని బోర్డు కూడా రాయించానే!”

“చూశాను. అదీ వంకరగానే వేలాడుతోంది.”

మరుసటి వారం, చెయ్యి మొలిచినావిడని చూస్తానని ఆమె కూడా బయల్దేరింది. విగ్రహం చుట్టూ తిరిగి, రాతి బట్ట మడతలు పరిశీలించి, “ఈవిడకెవరు కుట్టారోగానీ, భుజం చూసి కుట్టారు” అంది, మొగుడికి వినపడేలా.

ఆయన తల దించుకుని గీశాడు. ముఖం బంగాళాదుంపలా వచ్చింది. పాదాలు పడవల్లా వచ్చాయి. భుజాలు మాత్రం చక్కగా ఎగుడుదిగుడుగా కుదిరాయి. టీచరమ్మ మంచి బొమ్మలన్నీ ఏరి గోడకి తగిలించింది. వాటిలో ఇది లేదు. భార్య దాన్ని నలగకుండా చుట్టి సంచిలో పెట్టుకుంది.