వండితే తీరిపోయే తగువు కాదు

నా తల పగిలిన సంగతి మీద మొదట తీర్పు చెప్పింది మా ఊరి పెద్దలు. అప్పటికి నేను శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో కుట్లతో పడుకుని ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని వాళ్ళకి తోచను కూడా లేదు.

జరిగింది ఇంతే. వంశధార కాలువ నీరు మా మడికి రావలసిన వంతు నాడు బావ, అంటే నా మొగుడి అన్న, గట్టుకి గండి కొట్టి తన మడికి తిప్పుకున్నాడు. నేను పూడ్చాను. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ పూడ్చాను. ఆ తర్వాత పార మట్టిమీద పడలేదు, నా తలమీద పడింది. "సావే!" అన్నాడు. పెద్దకొడుక్కి అన్నం పట్టుకుని గట్టుమీద వస్తున్న అత్త అంతా చూసింది. ఇంకెవరూ చూడలేదు.

ఆసుపత్రి నుంచి కబురు వెళితే పోలీసులు వచ్చి నా మాట రాసుకున్నారు. హత్యాయత్నం కేసు కట్టారు. ఊళ్ళో మాత్రం అప్పటికే రామమందిరం అరుగుమీద తగువు పెట్టి, పంచాయితీ చేసి, బావకి తప్పు, అంటే జరిమానా, వేసేశారు. అమ్మవారికి ఒక యాటపోతు బలి.

మా ఊళ్ళో పద్ధతి ఒకటుంది. తప్పు కింద కోసిన యాటలో మొదటి వాటా దెబ్బతిన్న వాళ్ళింటికి పంపుతారు. ఆ ఇంట్లో దాన్ని వండుకుంటే తగువు తీరినట్టే, మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తకూడదు. నేనే ఇంట్లో ఉంటే ఆ వాటాని వీధి కుక్కలకి వేసేదాన్ని. నా పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అత్త వండేసింది. నా తల పగిలితే ఊరంతా మాంసం కూర తిన్నారన్నమాట.

ఇంటికొచ్చి నిలదీశాను. "ఆడూ నా కొడుకే కదే," అంది అత్త పొయ్యి వైపు చూస్తూ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె తిరిగి పెద్దకొడుకు ఇంటికి వెళ్ళిపోయింది.

తర్వాత పెద్దలు నా గడప దగ్గరికొచ్చారు. వాళ్ళందరికీ పెద్దయిన ముసలాయన మాట్లాడాడు. "నీ ఇంట్లో కూర ఉడికినాది. ఇంకేటే నీ కేసు? ఇంటి గుట్టు కోర్టుకెక్కిస్తావేటి?"

"తిన్నోలు రాజీ పడండి మావా. నాను తిన్నేదు," అన్నాను.

"అన్న కదా, ఊరుకోవే," అన్నాడు నా మొగుడు. పార తన నెత్తిన పడి ఉంటే తప్పకుండా ఊరుకుందునని చెప్పాను.

వాయిదా రోజున పెద్దలంతా ఉతికిన పంచెలు కట్టుకుని మేజిస్ట్రేటు కోర్టుకి వచ్చారు. ఊరు తీర్పు చెప్పేసిందంటే మేజిస్ట్రేటు గారు సంతోషించి కేసు కొట్టేస్తారని వాళ్ళ నమ్మకం. ఎవరూ పిలవకముందే ముసలాయన లేచి చేతులు జోడించాడు. "బాబూ, ఈ తగువు మేం తీర్సేసినాం. యాటని కోసి తినేసినాం కూడా."

హాలంతా నవ్వింది. మేజిస్ట్రేటు గారు నవ్వలేదు. ఇది ఊరు తీర్చే తగువు కాదని, దెబ్బతిన్న మనిషి క్షమించానన్నా రాజీకి కుదరని నేరమని, దీన్ని విచారించే అధికారం తనకి కూడా లేదని, సెషన్స్ కోర్టుకే ఉందని విడమర్చి చెప్పి కేసుని శ్రీకాకుళం పంపించారు.

బయటికొచ్చాక ముసలాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "జడ్జీ బాబే నాకదికారం నేదన్నాడేట్రా!" అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. ఆ మాట నాకెంత తీపిగా ఉందో చెప్పలేను. తన హద్దు ఇదీ అని చెప్పుకున్న పెద్దమనిషిని నేను అంతవరకూ చూడలేదు. మా అరుగుకి హద్దన్నదే లేదు. నీళ్ళ వంతూ దానిదే, లేచిపోయిన పిల్లా దానిదే, పగిలిన తలా దానిదే.

కానీ నా కేసు నిలబడాలంటే అత్త నోరు విప్పాలి. తినేది బావ ఇంటి కూడు. బతిమాలడానికి నాకు మనసొప్పలేదు.

శ్రీకాకుళంలో ఆమె బోనెక్కి, చూసింది చూసినట్టు చెప్పింది. అప్పుడు బావ తరపు వకీలు లేచాడు.

"ఆ మాంసం వండింది నువ్వే కదమ్మా?"

"నానే వొండినాను బాబూ."

"అంటే తగువు తీరిపోయినట్టే కదా?"

అత్త కొంగు నడుముకి బిగించింది. "కూర వొండినాను గానీ కళ్ళు పీక్కోనేదు బాబూ. ఆడు నా కడుపున పుట్టినోడే. పారెత్తి కొట్టినోడూ ఆడే."

బావ తలెత్తలేదు. నేను అందరి ముందూ ఏడ్చాను.

ఆ సాయంత్రం, బెయిలు మీదున్న బావ తల్లికి తలుపు తీయలేదు. అత్త బట్టల మూటతో నా ఇంటికి వచ్చింది. తెల్లారేసరికి అరుగు దగ్గర్నుంచి కబురు. కన్నకొడుకు మీద సాక్ష్యం చెప్పినందుకు ఆమె మీద తగువు పెట్టారట. ఆమెకి తప్పు వేస్తారట.

"ఎల్లాలేటే?" అంది అత్త బియ్యం చెరుగుతూ.

"నిజం సెప్పడం ఏ కోర్టులో నేరమో ముందు ఆలనే తేల్సుకోమను," అన్నాను.

నా తల సంగతి శ్రీకాకుళం తేలుస్తుంది. తీర్పు ఇంకా రాలేదు, బావ బయటపడినా పడొచ్చు. ఈ ముసలిదాని మీద తీర్పు చెప్పే హక్కు మాత్రం ఆ అరుగుకి నేనివ్వను. మేం వెళ్ళలేదు.