మూత బిగించిన సీసాలు

బాపట్ల కాలేజీ ల్యాబులో గాజుసామాను కడిగే నాంచారమ్మ, వేపాకును మూడు నీళ్లు కడిగి, కూరకి తరిగినట్టు సన్నగా తరిగి కాస్తుంది. ఆ కషాయం వెండి ఉప్పు కలిపిన నీళ్లలో పోస్తే తేటనీరు గోధుమరంగుకి తిరుగుతుంది. కంటికానని వెండి రేణువులు పుట్టాయని గుర్తు. ఆ నీటికి క్రిములు చచ్చిననాడు, పరిశోధన చేసే నీరజతోపాటు తనూ నవ్వింది. అదే నీరు పరీక్షకని చేపపిల్లల తొట్టిలో కలిపితే తెల్లారేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి. నీరజ నోట్సు రాసుకుంది. సముద్రంలో చేపలు పట్టే పల్లెకారుల ఇంట పుట్టి, పదేళ్లకే చేపలు కోసిన నాంచారమ్మ మాత్రం తొట్టి దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది. అప్పటినుంచీ మిగిలిన నీటిని సీసాలకెత్తి, మూతలు బిగించి బల్లకింద పెడుతోంది.

“ఏంటి పిన్నీ, సింకులో పారబోయలేదా?” అంది నీరజ.

“ఈ సింకు నీళ్లు సముద్రానికే పోతాయమ్మా. అది మా తొట్టి.”