పాప మింగిందా, అమ్మ మింగిందా?

మా ఆఫీసు పంపు దగ్గర ఎవరో కొత్త డెటాల్ సబ్బు పెట్టారు. ఆ వాసన తగలగానే నాకు రూతమ్మ గారు గుర్తొచ్చారు. గుడివాడ ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. కీబోర్డు ముట్టుకోవాలన్నా ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేవారు.

బందరులో మాది చిన్న ఆఫీసు. ఆరోగ్య సలహా కోసం ఊళ్ళ నుంచి జనం పంపే మెసేజీలను కంప్యూటర్ చదివి, ఏది అత్యవసరమో తేల్చాలి. అలా తేల్చాలంటే దానికి వాక్యం అర్థం కావాలి కదా. పని ఎవరు చేశారు, దేన్ని చేశారు, ఏ మాట ఏ మాటకు చెందుతుంది అని వేల వాక్యాల్లో మేము గుర్తులు పెడితే, వాటిని చూసి అది నేర్చుకునేది. అందరికన్నా వేగంగా పెట్టేదాన్ని నేను. సరిచూసేది రూతమ్మ గారు.

“అమ్మాయ్, ఇక్కడ చేసిందెవరో నీకెలా తెలిసింది?”

“చదివితే తెలిసిపోతుంది కదండీ.”

“కొత్తలో వార్డులో నేనూ అలాగే అనుకునేదాన్నమ్మా” అని ఊరుకునేవారు. నాకు అదంతా చాదస్తంగా తోచేది.

నిజమైన మెసేజీలతో పరీక్ష మొదలుపెట్టిన వారంలోనే, ఒక మధ్యాహ్నం దివిసీమ నుంచి ఒకటి వచ్చింది. ‘మా పాప అమ్మ బీపీ మాత్ర మింగింది. ఏమన్నా అవుద్దా?’ పాప తల్లి తన మాత్ర వేసుకుందని అర్థం చేసుకుని, కంప్యూటర్ దాన్ని తొందర లేనివాటిలో పడేసింది. అలాంటి వాక్యాలకు నేను నేర్పిన అర్థం అదే. తొందర లేనివాటినీ ఒక్కొక్కటే చదవడం రూతమ్మ గారి అలవాటు. చదువుతూనే కుర్చీలోంచి లేచిపోయారు.

“మింగింది పాపేమోనమ్మా!”

నేను మళ్ళీ చదివాను. పాప, అమ్మ మాత్రను మింగింది. అలా కూడా చదవొచ్చు. ఆవిడ అప్పటికే ఫోన్ కలిపేశారు.

“మింగిందెవరండీ? పాపా, వాళ్ళమ్మా?”

“పాపేనండీ. మూడేళ్ళది. మత్తుగా పడుకునుందండి” అంది అవతల మగ గొంతు.

“వాంతి చేయించాలని చూడొద్దు. మాత్రల అట్ట పట్టుకుని ఇప్పుడే అవనిగడ్డ ఆస్పత్రికి బయల్దేరండి.”

ఆ తర్వాత నేను ఒక్క వాక్యం కూడా ముట్టుకోలేకపోయాను. చీకటి పడకముందే ఆ తండ్రే ఫోన్ చేశాడు. “లేచిందండీ. ఇడ్లీ కావాలంటందండి. భయం లేదన్నారండి.”

“దేవునికి స్తోత్రం” అంటూ రూతమ్మ గారు కళ్ళు మూసుకున్నారు. నేను బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చేశాను. ఎన్ని గంటల తర్వాతో అప్పుడు నిండుగా ఊపిరి తీసుకున్నాను.

“తప్పు నాదేనండీ.”

“పాప బానే ఉంది కదా. మొహం కడుక్కురా.” కడుక్కుని వచ్చాక అన్నారు: “మన గుర్తుల్లో ‘తెలియదు’ అనేది లేదమ్మా. అదొకటి పెట్టుకుందాం.”

నేను పెట్టిన గుర్తులన్నీ ఇద్దరం కలిసి మొదటి నుంచీ మళ్ళీ చూశాం. నెల పట్టింది. ఆ నెలలో ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

రూతమ్మ గారు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు సరిచూసే పని నాది. అర్థం రెండు రకాలుగా ఉంటే మా కంప్యూటర్ తేల్చకుండా మనిషిని పిలుస్తుంది. ఇన్నిసార్లు పిలవడం దండగ కదా అంటారు పైవాళ్ళు. నిన్న పదకొండు మందికి ఫోన్ చేశాను. పదకొండు మందీ “అబ్బే, ఏం లేదండీ” అన్నారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు హాయిగానే ఉంటుంది.