మూడు గుండీల డబ్బా

డెబ్బై మూడు నవంబరులో ఉత్తర సరిహద్దు కొండల్లోని సైనిక పోస్టుకు చేరాను. ఎత్తు పదకొండు వేల అడుగులు. మోకాలి లోతు మంచు. వీపున రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు. చేతిలో ఉస్మాన్‌గంజ్ బజారులోని మా కొట్టు నుంచి నాన్న కట్టిచ్చిన చింతపండు మూట. కింద ఊరిలో కూలివాడితో బేరమాడాను. వాడు అలిగి వెళ్లిపోయాడు. సామాను మొత్తం నేనే మోశాను.

పోస్టులో పదకొండు మందిమి. రోజూ నలుగురు గస్తీకి వెళ్లాలి. దారులు మూడు: గట్టు మీదుగా, వాగు వెంట, దేవదారు చెట్ల కిందుగా. అవతలి వాళ్లు దుర్భిణితో చూస్తూనే ఉంటారు. అందుకే కెప్టెన్ రేడియో దగ్గరుండే నాకొక పొగాకు డబ్బా ఇచ్చాడు. అందులో మూడు ఇత్తడి గుండీలు. దారికొకటి, మీద అంకె గీకి ఉంది. పొద్దున ఐదున్నరకు చూడకుండా ఒకటి తీయాలి. ఏది వస్తే ఆ దారి. రేపటి దారి మనకే తెలియకపోతే వాళ్లకెలా తెలుస్తుందన్నది ఆయన లెక్క.

వారం తిరక్కుండానే ఆ లెక్కను నేను సవరించాను. మా బజారులో ఒకే ధర రెండుసార్లు చెప్పినవాడి గుట్టు ఎదుటివాడికి దొరికిపోతుంది. అందుకని నిన్నటి గుండీయే మళ్లీ వస్తే, దాన్ని డబ్బాలో వేసి ఇంకోటి తీసేవాణ్ణి. కెప్టెన్‌కు చదువుంది గాని బేరం తెలియదనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలు అలాగే గడిచాయి.

గస్తీలో ముందు నడిచేది నాయక్. మా ఊళ్లోనే జహనుమా పేట మనిషి, నాకంటే ఆరేళ్లు పెద్ద. పోస్టులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నన్ను సేటూ అని ఏడిపించేవాడు. నా చింతపండుతో చారు కాచి, నాకే లెక్కపెట్టి పోసేవాడు.

జనవరిలో ఒక పొద్దున. ముందురోజు వెళ్లింది గట్టు దారిన. డబ్బాలో చెయ్యి పెడితే మళ్లీ గట్టు గుండీయే వచ్చింది. వేసేసి ఇంకోటి తీశాను. వాగు.

"ఏంది సేటూ, ఇయ్యాల సరుకేంది?" నాయక్ బూటు తాళ్లు బిగిస్తూ అడిగాడు.

"వాగు తొవ్వ, అన్నా."

"కాళ్లు గడ్డకడ్తయ్ భాయ్. జర తగ్గియ్యరాదు?"

"ఒకటే మాట. తగ్గేది లేదు."

నవ్వాడు. నలుగురూ వెళ్లారు.

ఏడు ఇరవైకి సెట్టులో ఆయన గొంతు: "వాగు దాటుతున్నం. నీళ్లు మస్తు సల్లగున్నయ్. ఓవర్."

ఏడు ముప్పై ఐదుకి కొండ అదిరింది. ఆ తర్వాత సెట్టులో మాట్లాడింది ఆయన వెనక నడిచే జవాను. మందుపాతర పేలిందని, నాయక్ లేడని చెప్పాడు. అది ముందురోజు రాత్రే పాతిందని తర్వాత తేల్చారు.

సాయంత్రం కెప్టెన్ పిలిచి, వచ్చిన గుండీ వచ్చినట్టే చెప్పావా అని అడిగాడు. ఔను సార్ అన్నాను.

డెబ్బై ఏడులో సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చాను. ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఎనభై రెండులో కంప్యూటరు శిక్షణకు పంపారు. పాఠం చెప్పే ఆయన కోస్తా నుంచి వచ్చి సంతోష్‌నగర్‌లో కాపురం పెట్టినవాడు. తెలియనితనానికి కూడా కొలత ఉందన్నాడు. దాన్ని ఎంట్రపీ అంటారట. నాణెం ఎగరేస్తే బొమ్మో బొరుసో తెలియకపోవడం ఒక బిట్టు. మూడు సమానమైన దారుల్లో ఏదో తెలియకపోతే అది ఒకటిన్నర దాటుతుంది. అందులో ఒకటి రాదని ఎదుటివాడు కనిపెడితే, మళ్లీ ఒక బిట్టే మిగులుతుంది.

నేను లేచి అడిగాను, నిన్న వచ్చింది ఇవాళ రాకుండా చూసుకుంటే మంచిదే కదా అని.

"వచ్చిందే మళ్లీ రావడం కూడా తెలియనితనంలో భాగమేనండీ," అన్నాడు. "మనం సర్దామంటే ఎదుటివాడికి కబురు పంపినట్టే."

గుప్పెడు శనగలు కొసరు అడిగితే ముఖం చాటేసే ఇంట్లో పుట్టాను. అవతలి వాళ్లకు మాత్రం రోజూ అర బిట్టుకు పైగా కొసరేశాను. వాళ్లు దాన్ని చదివారో, ఆ రాత్రి ఊరికే వాగులో పాతారో నాకు తెలియదు. ఆ తెలియనితనం ఎన్ని బిట్లని ఆయన్ని అడగలేదు.

ఇప్పటికీ ఫలక్‌నుమా బస్సు ఎక్కితే, జహనుమా దాటేదాకా తల దించుకుని కూర్చుంటాను. కళ్ల ముందు నిలిచేది నాయక్ పోయిన మర్నాటి పొద్దు. ఐదున్నర. గుండీ తీశాను. మళ్లీ వాగు. ఈసారి దాన్ని డబ్బాలో వేయలేదు. పైకి చెప్పాను. గస్తీలో మిగిలిన ముగ్గురూ నా చేతిలోని గుండీని చూశారు. తర్వాత ఒక్కొక్కరే తుపాకులు భుజాన వేసుకుని వాగులోకి దిగారు.