పుల్ల పస్తులు

బ్యాలే కంపెనీలో అందరూ ఆమెను పుల్ల అనేవారు. జోడీగా ఆడే కుర్రాడు ఒకసారి ఆమెను నెత్తి మీదికెత్తి, మనిషిని ఎత్తానో పుల్లను ఎత్తానో తెలియట్లేదన్నాడు. దాంతో ఆ పేరు ఖాయమైపోయింది. ఆమెకు అది పొగడ్త. ముప్ఫై దగ్గరపడుతున్నా వెనక వరసలోనే ఆడే మనిషికి పొగడ్తలు ఊరికే దొరకవు మరి.

ఆ పేరు నిలబెట్టుకోవడానికి పుల్ల పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పెళ్లిళ్లకు వెళ్తే తినమంటారని పెళ్లిళ్లు మానేసింది. తోటివాళ్లు కాఫీకి పిలిస్తే పనుందనేది. మనుషులు కలిసేదే తిండి దగ్గర. ఈవిడ తిండి మానేసరికి మనుషులు ఈవిణ్ణి మానేశారు. అదే ఊళ్లో ఉన్న సొంత అక్క కూడా పిలిచీ పిలిచీ విసిగి ఊరుకుంది.

నెలసరి ఆగిపోయినప్పుడు పుల్ల భయపడలేదు. ఆ డ్రెస్సింగ్ రూములో అదో ఘనకార్యం. ఒళ్లు దారికొచ్చిందన్నమాట అని సీనియర్లు భుజం తట్టారు. ఇంకెక్కడైనా అయితే ఇంటిల్లిపాదీ హడలిపోయి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవారు. ఇక్కడేమో భుజం తట్టారు, తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

కొత్త ప్రదర్శనలో ఆమెకు సోలో ఇచ్చారు, ఇన్నేళ్లలో మొదటిసారి. ఆ సంబరంలో మోకాలి కింద మొదలైన నొప్పిని కండరం పట్టేసిందిలే అనుకుంది. గుడ్డ బిగించి కట్టుకుని ఆడింది. ఒకరోజు రిహార్సల్లో ఎగిరి దిగేసరికి కాలు నిలవలేదు. దబ్బున పడలేదు గానీ, నేల మీద చతికిలబడిపోయింది.

డాక్టరమ్మ కాలికి ఎక్స్‌రే తీయించి, ఎముక చిట్లిందని చెప్పింది. ఆ తర్వాత ఒంట్లో కొవ్వెంతో కండెంతో కొలిచే మిషను ఎక్కించింది. అంత నొప్పిలోనూ ఆ కొవ్వు అంకె చూసి పుల్ల మురిసిపోయింది. కంపెనీలో ఇంత తక్కువ ఇంకెవరికీ ఉండదని పైకే అనేసింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఒంటికి చాలినంత తిండి లేకపోతే నెలసరి ఆగుతుందమ్మా. దాంతోపాటే ఎముక బలమూ పోతుంది. ఎగిరి దిగితే ఆ దెబ్బ కాచుకోవడానికి నీకు కండ కూడా లేదు."

మళ్లీ ఆడగలనా అని పుల్ల అడిగింది. తింటే ఆడగలవంది. బరువు పెరగాలి, నెలసరి రావాలి, ఎముక అతుక్కునేదాకా ఎగరకూడదు. ఒక్కదానివే కూర్చుంటే పళ్లెం ముందు నుంచి లేచిపోతావు, ఎవరితోనైనా కలిసి తిను అని కూడా చెప్పి పంపింది.

సోలో ఇంకో అమ్మాయికి వెళ్లిపోయింది. పుల్ల గదికొచ్చి, కర్ర ఆనించుకుని నిలబడి అన్నం వండింది. పళ్లెంలో వడ్డించుకుంది. రెండు ముద్దలకే చెయ్యి ఆగిపోయింది. అప్పుడు ఫోన్ తీసింది. ఎవరితో కలిసి తినాలో తెలియలేదు. చాలాసేపు ఆలోచించి అక్కకే చేసింది.

"అక్కా, ఇవాళ మీ ఇంటికి భోజనానికి రానా?"

అక్క అవతల పిల్లల్ని ఆగమని కేకేసింది.

"ముందే చెప్పొద్దటే? మేం మా అత్తగారింటికి బయల్దేరాం. పిల్లలు చెప్పులు కూడా వేసేసుకున్నారు. ఇంకోరోజు రా."

ఏ రోజో అక్క చెప్పలేదు. కాలి ఎముక చిట్లిందని చెల్లెలూ చెప్పలేదు.

పుల్ల మళ్లీ పళ్లెం ముందు కూర్చుంది. సగం తినేసరికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మిగతాది కూడా తినేసింది.